హా అను

సోమవారం సోమవారం
చిన్న ప్లాస్టిక్ సీసా చేతిల పెట్టి
తలుపు సగమే మూయనిస్తది సిస్టర్.
సిగ్గు మొదటి నెలలనే పోయింది.
ఇప్పుడు నా కళ్లు మూత మీదికి పోతయి.
బాలానగర్ షెడ్డుల నేను బ్లేడుతోని
అంచులు గీకే మూతే అది,
వెయ్యి గీకితే నూట ఇరవై.
నా చేతి మూత కిందనే
నా వారం కమిటీకి పోతది.

కల్లు అంటరు గని
దాంట్ల ఈతచెట్టు ఏడిది?
నల్లా నీళ్లు, శాక్రిన్, తెల్ల పొడి.
తాగితే గోడకొరిగి నిద్ర.
తాగకుంటే నాలుక మెలిపడతది,
మెడ ఒక దిక్కు గుంజుతది,
ఇంట్ల గిన్నెలన్నీ మాట్లాడతయి.

ఆ పొద్దు కాంపౌండు బెంచి మీద నేను ఒరిగితే
ఒడిలకెల్లి జారిన ఐదేండ్ల పిల్ల
బోరబండ పట్టాల దాక ఒక్కతే నడిచిందంట.
మురుకులమ్మే ముసలామె రెక్క పట్టుకొని ఆపిందంట.
అన్నీ ‘అంట’లే.
నాకు యాది లేదు.
యాది లేకపోవుడే నా మీది కేసు.

ఎర్రగడ్డల ఇరవై రెండు రోజులు.
పక్క మంచం గౌసియా
వణికే నా చేతికి గ్లాసు అందించి
"రోలే మా, పానీ పీలే" అనేది.
ఏడ్వు, నీళ్లు తాగు.
డాక్టర్లు గూడ చెప్పింది గదే,
ఎక్కువ మాటలతోని.

పదిహేను రోజులకొకసారి బెంచి ముందట నిలబడాలె.
అరుగు మీద మేం పది పదిహేను మందిమి,
అందరి చేతుల్ల ఒకే రకం ఫైలు.
మేడం కేసు నంబరు అడగదు.
"స్వరూపా, ఎన్ని రోజులు?" అంటది.
డెబ్బై నాలుగు కావాల్సిన దినం
"మూడు" అని చెప్పిన.
ఎందుకంటే, అని మొదలుపెట్టి ఆగిపోయిన.
మేడం గూడ ఆగింది.
తర్వాత పెన్ను తీసి
మూడు అనే రాసింది.

మళ్ల నూటపదకొండు చెప్పిన పొద్దు
వెనక ఎవరో చప్పట్లు కొట్టబోయి
కోర్టసొంటి జాగ గదా అని
చేతులు తొడల మీద తుడుచుకున్నరు.

శనివారం ఒక గంట, సదనం వరండాల.
నవనీత మొదటిసారి ఒళ్లెకు రాలే.
మూరెడు దూరంల నిలబడి
"హా అను" అన్నది.
నోరు తెరిచిన.
ముక్కు దగ్గర పెట్టి చూసింది,
పాలు విరిగినయేమో చూసినట్టు.
రెండడుగులు వెనకకు పోయి కూసున్నది.
సూపరింటెండెంట్ "అట్ల చేయొద్దు నానా" అంటే
చేయనీయుండ్రి మేడం, అన్న.
కమిటీకి సీసా చాలు.
దీనికి చాలదు.

ఇరవై శనివారాలు హా అన్న.
ఇరవై ఒకటోసారి అడగడం మరిచి
పన్ను ఊడింది చూడమని
అదే నోరు తెరిచింది.

ఇగ ఆర్డరు వచ్చింది: రెండు రాత్రులు, చూసొద్దాం అని.
బస్సుల కిటికీ సీటు దానికిచ్చిన.
కాంపౌండు ముందట సిగ్నల్ పడ్డది.
ఎర్ర లైటు ఎంత సేపున్నదో,
ఇద్దరం అవతలి దిక్కు
టైర్ల దుకాణం చూసినం.
"మా, టైర్లు ఎన్నున్నయి?" అని అడిగింది.
లెక్కపెట్టినం.

పప్పుచారు, గుడ్డు. సగం తిన్నది.
చెప్పులు విప్పి
తలాపునే పెట్టుకొని పండుకున్నది.
ఏం అనలే నేను.

నడిరాత్రి చాప కదిలింది.
కండ్లు మూసుకొనే ఉన్న.
మోచేతి మీద లేచి, నా మొఖం మీదికి ఒంగి,
ముక్కు నా పెదవులకు ఆనేంత దగ్గరికొచ్చి
ఊపిరి బిగవట్టింది బిడ్డ.

నిద్రపోయినట్టే
మెల్లగ, లోపలున్నదంత
బయటికి వదిలిన.